చీటీలో లేని పనులు

రాయగడ బస్టాండులో
పిండిమర రసీదు వెనక
రెండో బావగారు రాసిచ్చిన చీటీ:
డుడుమ జలపాతం, పొద్దున్నే వెళ్ళాలి.
పడవ. బేరమాడాలి.
గురువారం సంత. పర్సు జాగ్రత్త.
సూర్యాస్తమయం తప్పకుండా.
ఫొటోలు ఎప్పటికప్పుడు పంపాలి.
అన్నిటికీ అడుగున గీత గీసి
‘నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు.’

నీళ్ళు చూడ్డానికి పోతున్నవాళ్ళకి
నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని!
నవ్వీ నవ్వీ దమయంతక్కకి
నందపూర్ దాటేదాకా ఎక్కిళ్ళు ఆగలేదు.

మేం ముగ్గురం తోడికోడళ్ళం.
ఒకే మరలో ఒకే పిండి పీల్చినవాళ్ళం.
మా ముగ్గురి దగ్గూ ఒకటే.
దగ్గింది ఎవరో
గోడవతల మా మొగుళ్ళకే తెలీదు.

జోలాపుట్టు గెస్ట్‌హౌసులో
చీటీ ప్రకారం నాలుగున్నరకి లేవాలి.
ఎర్రాయమ్మక్క అలవాటుకొద్దీ లేచింది.
చీకట్లో పొయ్యి కోసం తడిమింది.
దొరకలేదు.
కాసేపు మంచం పట్టె మీద కూచుని
మళ్ళీ పడుకుంది.
ఆ మళ్ళీ పడుకోవడం ఉంది చూడూ,
డుడుమ కన్నా ఎత్తునుంచి దూకడం అది.

జలపాతానికి ఇంకేం వెళ్తాం.
వాచ్‌మన్ పెళ్ళాం మండియా జావ తెచ్చింది.
మేం చోడంబలి అనేదే.
పక్కన ఎండుచేప, కాల్చిన మిరపకాయ.
ఎవరో వండారు, ఎవరో వడ్డించారు.
‘ఉప్పు తక్కువైంది’ అంది దమయంతక్క
రాణీగారిలా.
నిజానికి సరిపోయింది.
ఆ ఒక్క మాట అనాలని
ఎన్నేళ్ళనుంచి దాచుకుందో.

సంతలో పెద్దక్క ఏమీ కొనలేదు.
ప్రతి చోళ్ళ బస్తాలోనూ చెయ్యి పెట్టి
తేమ చూసింది.
అమ్ముతున్న ముసలమ్మ
ఆ చేతిని ఎరిగున్నట్టే
కొంచెం జరిగి చోటిచ్చింది.

పడవ సొమ్రా పాంగిది. బేరమాడలేదు.
నడిమధ్యలో నా ఫోను టింగుమంది,
ఆంధ్రకి స్వాగతం.
నాలుగు తెడ్లు వేశాడో లేదో
ఒడిశాకి స్వాగతం.
‘ఇప్పుడు ఎవరి నీళ్ళలో ఉన్నాం తమ్ముడూ?’
‘చేపనడగండి’ అన్నాడు
తెలుగులో కాస్త దేశియా కలిపి.
రెండు పక్కలా కొండలు
పసుప్పచ్చని వలిసెపూలు కప్పుకుని
ఏ భాషా రానట్టు కూచున్నాయి.

తర్వాత ఒకచోట తెడ్డు ఆపాడు.
‘ఎండాకాలం నీళ్ళు తగ్గితే
మా నాయనమ్మ రోలు బయటపడతాది ఇక్కడ.’
పెద్దక్క వంగి చూసింది.
‘రాయిదా, కర్రదా?’
‘రాయిది.’
‘అయితే ఉంటుందిలే’ అంది.
అంతకు మించి ఆ సంగతి
ఎవరూ మాట్లాడలేదు.

సూర్యాస్తమయం వేళకి
మేం వేరే దిక్కుకి తిరిగున్నాం.
వెనకాల ఎర్రగా ఏదో జరుగుతోందని
నీళ్ళు చెబుతూనే ఉన్నాయి.
ఎవరు విన్నారు?
యాభైయొక్కేళ్ళ ఎర్రాయమ్మ
చెప్పులు విప్పి
చెప్పాపెట్టకుండా దిగిపోతోంది.
మోకాళ్ళు. నడుము. గుండెలదాకా.
‘చలి అక్కా! వచ్చీ!’
రాలేదు.
తల ముంచింది.

లేచింది.
ముడి ఊడి జుట్టంతా వీపున అంటుకుంది.
ఇన్నాళ్ళూ తలమీద ఆ తెలుపు
మర పిండే అనుకున్నాం.
తడిసినా పోలేదు.
ఇంట్లో ఎన్నిసార్లు తలంటుకుందో,
చూసే తీరిక ఎవరికుంది.

చీటీ ఆమె రవికెలో ఉండిపోయింది.
తీసి విప్పితే
బావగారి అక్షరాలన్నీ
నీలం మబ్బులా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.
అడుగున గీసిన గీత మాత్రం
కాస్త కనిపిస్తోంది.

ఫొటో పంపాలి కదా,
ఆమె మునిగిన చోట
ఇంకా విచ్చుకుంటున్న వలయాలు తీసి పంపి
ఫోను చెప్పుల్లో పెట్టి
నేనూ దిగాను.
నా వెనక దమయంతక్క,
మళ్ళీ ఎక్కిళ్ళతో.

రాత్రి దుప్పట్లో వణుకుతూ చూశాను
బావగారి జవాబు:
‘నీళ్ళు బాగున్నాయి.
మనుషులేరీ?’